2025 క్విజ్ ప్యాక్ అని పాత జవాబులు అంటగడుతున్నారు, వైజాగ్‌లో ఎవరూ కొనకండి

ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్ల మధ్య మేడ మీద ఉండే ఆ కొట్టు గురించి రాస్తున్నాను. "జీకే క్విజ్ గేమ్ ప్యాక్, 2025 ఎడిషన్, జవాబులతో సహా" అని వాట్సాప్ గ్రూపుల్లో రోజూ పోస్టర్ తిప్పుతుంటారే, వాళ్ళే. పేరు రాయను. ఇక్కడ పిల్లలకి క్విజ్‌లు పెట్టేవాళ్ళందరికీ తెలిసిన కొట్టే.

మా అపార్ట్‌మెంట్ పిల్లల పోటీకని 1,200 రూపాయలు పోసి కొన్నాం. ప్రశ్నల కార్డులు, జవాబుల షీటు, బజర్లు ఇచ్చారు. "ప్రతి జవాబూ లెక్చరర్లు చెక్ చేశారు మేడం, మీరు కళ్ళు మూసుకుని చదివేయొచ్చు" అన్నాడు కౌంటర్లో కూర్చున్నాయన.

మూడో రౌండ్లో వచ్చిన ప్రశ్న ఇది: అరకు లోయ ఏ జిల్లాలో ఉంది? ఏడో తరగతి పాప టక్కున బజర్ నొక్కి "అల్లూరి సీతారామరాజు జిల్లా" అంది. షీటులో "విశాఖపట్నం" అని ఉంది. స్కోరు రాస్తున్న అబ్బాయి షీటు చూసి తప్పన్నాడు. ప్రశ్న పక్క టీముకి వెళ్ళింది, వాళ్ళు విశాఖపట్నం అన్నారు, పది పాయింట్లూ వాళ్ళకి పడ్డాయి. పాప కూర్చోలేదు. "కాదాంటీ, మా అమ్మమ్మా వాళ్ళది పాడేరు. కలెక్టరాఫీసు కూడా అక్కడే ఉందాంటీ" అంది. గొంతు వణుకుతోంది, బజర్ మీంచి చెయ్యి తియ్యలేదు. వెనక నుంచి ఎవరో పెద్దాయన "షీటులో ఏది ఉంటే అదేనమ్మా, కూర్చో" అన్నాడు. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడే అరకు అల్లూరి జిల్లాలోకి వెళ్ళింది, పాడేరు జిల్లా కేంద్రమైంది. పిల్ల నూటికి నూరుపాళ్ళు కరెక్టు.

తర్వాతి కార్డు ఇంకా దారుణం. స్వతంత్ర భారతదేశంలో తయారైన తొలి ఓడ 'జల ఉష'ని ఎక్కడ కట్టారు? షీటులో ముంబై! ఈ ప్రశ్న వైజాగ్‌లో అడుగుతున్నాం, అందులోనూ సగం షిప్‌యార్డు, నేవీ కుటుంబాలున్న అపార్ట్‌మెంట్లో. 1948 మార్చి 14న నెహ్రూ ఈ ఊరు వచ్చి మరీ జల ఉషని నీళ్ళలోకి దించారు. ఇప్పుడు మనం హిందుస్థాన్ షిప్‌యార్డు అంటున్నామే, అక్కడ. షిప్‌యార్డులో రిటైరైన అంకుల్ ఒకాయన లేచి "ఆ కాగితం ఇలా ఇవ్వమ్మా" అని తీసుకుని చదివారు. క్విజ్ అక్కడే ఆపేశాం. తర్వాత మార్కులు సరిచేసి కప్పు రెండు టీములకీ ఇచ్చాం గానీ, నలుగురిలో తప్పు చెప్పావనిపించుకున్న పిల్లకి దాంతో ఏం సరిపోతుంది?

ఆ రాత్రి అంకుల్, నేను షీటంతా తిరగేశాం. రాష్ట్రాలు 29 అని ఉంది. కేంద్రపాలిత ప్రాంతాలు 7. ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13. ఎక్కువ జనాభా ఉన్న దేశం చైనా. ప్రపంచంలో ఎత్తైన విగ్రహం చైనాలోని స్ప్రింగ్ టెంపుల్ బుద్ధ. అసలు సంగతి ఇక్కడే బయటపడింది. తెలంగాణ వచ్చి రాష్ట్రాలు 29 అయింది 2014 జూన్ 2న. గుజరాత్‌లో 182 మీటర్ల పటేల్ విగ్రహం ఆవిష్కరించింది 2018 అక్టోబర్ 31న. అంటే ఈ షీటు ఆ రెండు తేదీల మధ్య ఎప్పుడో తయారైంది. జమ్మూకశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతమై రాష్ట్రాలు 28 కావడం గానీ, 2020 జనవరి 26 నుంచి కేంద్రపాలిత ప్రాంతాలు 8 కావడం గానీ, 2023లో జనాభాలో మనం చైనాని దాటడం గానీ దీనికి తెలీదు. పాత సరుకు మీద 2025 అని కొత్త లేబుల్ అతికించి అమ్మారు, అంతే. మన జాతీయ క్రీడ హాకీ అని కూడా రాశారు. ఏ ఆటనీ జాతీయ క్రీడగా ప్రకటించలేదని కేంద్ర క్రీడా శాఖ 2012లోనే సమాచార హక్కు దరఖాస్తుకి జవాబిచ్చింది.

మర్నాడు షీటు పట్టుకుని కొట్టుకెళ్ళాను. తప్పుల కింద ఎర్ర పెన్నుతో గీసి మరీ చూపించాను. ఆయన కాగితం వైపు కూడా చూడలేదు, ఫోన్లో ఏదో స్క్రోల్ చేసుకుంటూ "ఇంతమంది కొన్నారు, ఎవరూ అడగలేదు, మీకే వచ్చిందా ప్రాబ్లం?" అన్నాడు. పాప ఏడ్చిన సంగతి చెప్పాను. అప్పుడన్నాడు: "పిల్లలకేం తెలుస్తుంది మేడం? మీరు ఏది కరెక్ట్ అంటే అదే కరెక్ట్. ఆటే కదా, దానికింత రాద్ధాంతమా?"

నాకు 1,200 పోయినందుకు కాదు, ఈ మాటకి ఒళ్ళు మండింది. తెలిసింది ఆ పిల్లకే. తెలీంది వీళ్ళకి. క్విజ్‌లో సరైన జవాబు చెప్పిన పిల్లకి నువ్వు తప్పు అంటే, మళ్ళీ ఇంకోసారి ధైర్యంగా బజర్ నొక్కుతుందా? ఆ షీటు నమ్మి ఎన్ని స్కూళ్ళలో ఎంతమంది పిల్లల్ని ఇలా కూర్చోబెట్టారో!

డబ్బులు వెనక్కివ్వమంటే, బాక్సు తిప్పి అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న లైను మీద బొటనవేలు పెట్టి చూపించాడు. జవాబులకు విక్రేత బాధ్యుడు కాడట. మెట్లు దిగి ఇంటికొచ్చేలోపే నా నంబర్ బ్లాక్ చేశారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, బిల్లు, షీటు ఫోటోలు దాచి ఉంచాను.

ఎక్కడ కొన్నా సరే, డబ్బులిచ్చే ముందు కౌంటర్ దగ్గరే జవాబుల షీటు తెరిపించి రాష్ట్రాల సంఖ్య, కేంద్రపాలిత ప్రాంతాలు, ఎత్తైన విగ్రహం, అరకు జిల్లా చూడండి. ఒక్కటి తప్పున్నా వదిలేయండి. ఇప్పటికే ఈ ప్యాక్ కొన్నవాళ్ళుంటే మెసేజ్ పెట్టండి, అంకుల్ నేను పట్టుకున్న తప్పులన్నీ సరిచేసి రాసిన కాగితం పంపిస్తాను. డబ్బులేం అక్కర్లేదు.