ఆర్‌పీ అని తేలాక ముందు ఏది: ట్రయలా, రిజిస్ట్రీనా, తోటివాళ్ల బృందమా?

మా తమ్ముడికి రెటినైటిస్ పిగ్మెంటోసా (ఆర్‌పీ), అంటే కంటి వెనకుండే రెటీనా పొర క్రమంగా పాడై చూపు తగ్గే జబ్బు అని తేలిన రోజు ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "ఎక్కడైనా కొత్త మందును మనుషుల మీద పరీక్షించే ట్రయల్ జరుగుతోందా?" అప్పటిదాకా రేచీకటే కదా అని మునగాకు, క్యారెట్లు పెట్టాం. లోపం తిండిలో కాదు, జన్యువులో ఉంది. అమ్మానాన్నలది మేనరికం.

ట్రయల్ మీద ఆశ ఊరికే పుట్టలేదు. 2017 డిసెంబరులో అమెరికాలో లక్స్‌టర్నా అనే జన్యు చికిత్సకు అనుమతి వచ్చింది. కానీ అది ఆర్‌పీఈ65 అనే ఒక్క జన్యువులో లోపం ఉన్నవాళ్లకే, అదీ రెటీనాలో కణాలు మిగిలి ఉంటేనే. రెండు కళ్లకు ధర అప్పట్లో 8,50,000 డాలర్లు. ఆర్‌పీకి కారణమయ్యే జన్యువులేమో పదుల్లో ఉన్నాయి. మనది ఏదో తెలియకుండా ట్రయల్ కోసం తిరగడం దండగ. పైగా ఒక జన్యు చికిత్స తీసుకున్నవాళ్లను తర్వాతి ట్రయల్‌లో సాధారణంగా చేర్చుకోరు.

ట్రయల్ అంటూ డబ్బు అడిగితే మాత్రం లేచి వచ్చేయండి. ఫ్లోరిడాలో ఒక క్లినిక్‌లో మూలకణాల ఇంజెక్షన్‌కు తలా 5,000 డాలర్లు కట్టిన ముగ్గురు మహిళల చూపు ఘోరంగా దెబ్బతింది. వాళ్లది వయసుతో వచ్చే మాక్యులా (రెటీనా మధ్యభాగం) జబ్బు, అయినా వాళ్లను అక్కడికి నడిపించింది మనలో ఉన్న ఆశే.

రిజిస్ట్రీ అంటే ఈ జబ్బున్నవాళ్ల వివరాలు నమోదు చేసి, ఏళ్ల తరబడి గమనించే జాబితా. అది వెంటనే చేతికి ఇచ్చేది తక్కువ. జీన్ టెస్ట్, చుట్టుపక్కల ఎంత మేర కనిపిస్తుందో చూసే ఫీల్డ్ టెస్ట్ ఏటా, అంతే. కానీ మందు లేకపోతే చూపు ఎంత వేగంగా తగ్గుతుందో లెక్క ఉంటేనే, మందు పనిచేసిందో లేదో తేలుతుంది. మనకేది కష్టమో చెప్పడం కూడా పరిశోధనే. లక్స్‌టర్నా ట్రయల్‌లో ప్రధాన కొలత అక్షరాల చార్టు కాదు. రకరకాల వెలుతురులో అడ్డంకులు తప్పించుకుంటూ నడవడం. మా వాడి బాధ సరిగ్గా అదే.

ఇక ఇదే జబ్బున్న తోటివాళ్ల బృందం. నా ఓటు ముందు దీనికే, పక్కనే రిజిస్ట్రీకి. తెల్లకర్ర పట్టుకోమని మేం చెబితే తమ్ముడు మొహం తిప్పుకునేవాడు. ఆ బృందంలో తన ఈడు కుర్రాడు ఒకడు, తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్‌తో ఫోన్ వాడటం చూపించి, యూడీఐడీ కార్డుకు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) దరఖాస్తు పెట్టించి, కర్ర చేతిలో పెడితే కాదనలేదు. 1971లో అమెరికాలో ఫౌండేషన్ ఫైటింగ్ బ్లైండ్‌నెస్‌ మొదలుపెట్టింది కూడా ఇలాంటి ఇళ్లవాళ్లే. ఆ సంస్థ డబ్బు పరిశోధనలకు వెళ్తోంది.

జీన్ రిపోర్టు ఇంకా రాలేదు. ఈలోగా వాడు రాత్రి ఏడింటికి ఒక్కడే బస్సెక్కి ఇంటికి వస్తున్నాడు.