క్యోటోలో బస బాధ, షిమాడ్జు భవనంలో ఊరట

క్యోటోలో మా బసకు ఇద్దరికి ఒక రాత్రికి 18,400 యెన్‌లు చెల్లించాను. నాన్నగారికి 71 ఏళ్ళనీ, మోకాళ్ళ నొప్పుల వల్ల నేల మీద పడుకోలేరనీ ముందే రాస్తే, మంచమున్న గది ఇస్తామని జవాబిచ్చారు. తీరా వెళ్ళాక ఇరుకైన చెక్కమెట్లు ఎక్కించి, చాప మీద పరచిన పరుపు చూపించారు. ఆ జవాబు చూపిస్తే గదులు నిండిపోయాయన్నారు. కనీసం ఒక కుర్చీ ఇమ్మంటే లేదన్నారు. డబ్బు వాపసు కుదరదన్నారు. నాన్నగారు ఆ రాత్రి రెండుసార్లు గోడ పట్టుకొని లేచారు. పొద్దున నాతో మాట్లాడలేదు.

ఆలయాలు రెండు చూశాం. తరువాత తలకు 230 యెన్‌ల సిటీ బస్సులో నగరపాలక కార్యాలయం దగ్గర దిగి, తకసె కాలువ పక్కనున్న కియామచి వీధిలోని శాస్త్ర పరికరాలు తయారుచేసే షిమాడ్జు సంస్థ స్మారక భవనానికి నడిచాం. టికెట్టు 300 యెన్‌లు. బౌద్ధ పూజాసామగ్రి చేసే ఇంట పుట్టిన గెన్జో షిమాడ్జు 1875లో ఈ వీధిలోనే బడులకు విజ్ఞానశాస్త్ర పరికరాలు చేయడం మొదలుపెట్టారు. ఆయన కొడుకు, రెండవ గెన్జో, 15 ఏళ్ళ వయసులో 1884లో, చేతితో చక్రాలు తిప్పితే అధిక వోల్టేజి పుట్టించే విమ్‌షర్స్ట్ విద్యుత్ యంత్రాన్ని తయారుచేశారు.

నాన్నగారు 31 ఏళ్ళు జిల్లా ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో పనిచేశారు. జర్మనీ శాస్త్రవేత్త రాంట్‌జెన్ ఎక్స్‌రే కిరణాలను కనుగొన్న 11 నెలలకే, 1896 అక్టోబరులో, ఇక్కడివారు ఎక్స్‌రే చిత్రం తీశారని చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది. ఎక్స్‌రే గొట్టానికి కావలసిన అంతటి వోల్టేజి చేతితో తిప్పే చక్రాల నుంచి ఎలా రాబట్టవచ్చో నాకు వేళ్ళు తిప్పి మరీ వివరించారు. 1918 నాటి ‘డయానా’ ఎక్స్‌రే యంత్రం ముందు చాలాసేపు నిలబడి, దాని తీగలను ఒక్కొక్కటిగా కళ్ళతో వెదికి, "ఈ యంత్రంతో పనిచేసినవాళ్ళకు కిరణాల నుంచి కాపాడే సీసపు ఏప్రన్ ఉండేదంటావా?" అని అడిగారు. తన చేతివేళ్ళను చూసుకున్నారు కూడా. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

ఈ సంస్థ ఇంజనీరు కోయిచి తనాకా 2002లో రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. కోబాల్ట్ పొడిలో పొరపాటున గ్లిజరిన్ కలిసినా పారబోయకుండా పరీక్షించడమే, ప్రోటీన్ల వంటి పెద్ద అణువుల బరువును కొలిచే ఆయన ఆవిష్కరణకు దారితీసింది. డిగ్రీతోనే ఉద్యోగంలో చేరిన మనిషని విని నాన్నగారు మళ్ళీ మొదటి గదికి వెళ్ళారు.

వైద్యరంగంలో పనిచేసినవారిని వెంటబెట్టుకొని వెళ్తే రెండు గంటలు కేటాయించండి, తెరిచి ఉండే రోజులు ముందుగా చూసుకోండి. పెద్దవారితో వెళ్తే మాత్రం మంచం ఫోటో పంపించే వరకు ఏ బసకూ డబ్బు కట్టకండి.