పాత జిప్సీకి షాకబ్జర్లు: వేలకి వేలు పోయాల్సిన పన్లేదు

మారుతి జిప్సీ ఉన్న ప్రతి ఇంట్లో ఒకటే గోల, నడుం పోయింది ఈ బండి అమ్మేయ్ అని. ఫ్రెండ్స్ దగ్గర కూడా ఒకటే సలహా, ఓల్డ్ మ్యాన్ ఈము (ఆస్ట్రేలియా బ్రాండ్ షాక్స్) వేయించు గురూ, తేలిపోతూ పోద్ది అని. అది మంచి సరుకే, కాదనట్లేదు, కానీ ఆ ఒక్క షాక్‌కి పెట్టే డబ్బులతో మన ఇండియా కంపెనీ గాబ్రియేల్‌వి నాలుగూ దాదాపు వచ్చేస్తాయి. 2019లో మారుతి బుకింగ్స్ ఆపేసిన బండి, నెలకో రెండుసార్లు అనంతగిరి కొండలకో ఎప్పుడైనా మారేడుమిల్లికో పోయే బండి, దానికి అంత అవసరమా అనేదే నా డౌటు.

నాది 1.3 లీటర్ ఇంజిన్ జిప్సీ, మోడల్ ఎంజీ413డబ్ల్యూ. దీనికి ముందూ వెనకా కమాన్ పట్టీలే (లీఫ్ స్ప్రింగ్‌లు), కాయిల్ స్ప్రింగ్ అన్న మాటే లేదు. బరువు మోసేది ఆ కమాన్లు, షాక్ ఏమీ మోయదు, గుంతలో పడ్డాక బండి ఊగుతూ ఉంటే ఆ ఊపు ఆపడమే దాని పని. ఈ సంగతి తెలీక చాలామంది బండి గట్టిగా కొడుతోందని షాక్స్ మార్చేస్తారు, మార్చాక కూడా అలాగే కొడుతుంది, ఎందుకంటే పట్టీల మధ్య తుప్పు పట్టి అవి ఒకదాని మీద ఒకటి జారవు, కమాన్ చివర్ని బండికి పట్టి ఉంచే షాకిల్ బుష్‌లు బిగుసుకుపోయి ఉంటాయి. ముందు కమాన్ కట్ట విప్పించి తుప్పు గీకించి గ్రాఫైట్ గ్రీజ్ పెట్టించండి, బుష్‌లు మార్పించండి. కాలిన ఇంజిన్ ఆయిల్ బ్రష్‌తో పూసే మెకానిక్ ఉంటాడు చూడండి, వాడ్ని దగ్గరికి రానివ్వద్దు, రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి.

షాక్ నిజంగా పోయిందంటే లక్షణాలు వేరే. స్పీడ్ బ్రేకర్ దిగాక బండి రెండు మూడు సార్లు ఊగుతుంది, టైరు మీద చెయ్యి పెట్టి రాస్తే ఎత్తుపల్లాలు తగులుతాయి, షాక్ ఒంటి మీద ఆయిల్ కారి దానికి మట్టి అట్టలు కట్టి ఉంటుంది. కొంచెం చెమ్మ ఉంటే ఫర్లేదు, కారితే మాత్రం అయిపోయినట్టే. మార్చేటప్పుడు ముందు రెండూ ఒకేసారి, వెనక రెండూ ఒకేసారి, ఒక్కటి మార్చి సరిపెట్టుకోవద్దు.

కొనడానికి సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్ళాను, విజయవాడ వాళ్ళకైతే ఆటోనగర్ ఉండనే ఉంది. ఇక్కడ ఒక జాగ్రత్త. ఒక షాపులో (పేరు వద్దులెండి) సగం రేటుకే "కంపెనీదే అన్నా" అని చేతిలో పెట్టాడు, నల్ల పెయింట్ నిగనిగలాడుతోంది, తిప్పి చూస్తే కింద బొడ్డులా చిన్న వెల్డింగ్, అంటే పాతదానికి బెజ్జం పెట్టి చిక్కటి ఆయిల్ పోసి మూసేశారన్నమాట. షాపులో ఇలాంటివి గట్టిగానే అనిపిస్తాయి, సీల్ మాత్రం అదే పాత సీల్ కదా. కొత్తదాన్ని నిలబెట్టి రాడ్ నొక్కి లాగి చూడండి, మధ్యలో ఎక్కడా ఖాళీగా జారిపోకూడదు, లాగేటప్పుడు నొక్కేటప్పటికంటే బరువుగా ఉండాలి, ఆయిల్‌తో పాటు గ్యాస్ కూడా నింపిన షాక్ అయితే నొక్కి వదిలేస్తే మెల్లగా అదే పైకొస్తుంది. ఫ్యాక్టరీ డబ్బా, ఎంఆర్‌పీ స్టిక్కర్, బిల్లు లేకుండా తీసుకోవద్దు.

నేను తీసుకున్నది స్టాక్ సైజు (బండితో కంపెనీ నుంచి వచ్చే సైజు) గాబ్రియేల్, ఫిట్టింగ్‌తో కలిపి కూడా ఐదంకెల్లోకి వెళ్ళలేదు. వేశాక స్పీడ్ బ్రేకర్ దగ్గర ఒక్క ఊపుతో ఆగిపోతోంది, ఘాట్ మలుపుల్లో వెనక భాగం పక్కకి గెంతడం పోయింది. సోఫాలా అయిపోయిందా అంటే లేదు, జిప్సీ జిప్సీయే, వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు తిడుతూనే ఉంటారు. ట్విన్ ట్యూబ్ షాక్ (గొట్టంలో గొట్టం ఉండే రకం) ఏ కంపెనీదైనా సరే గతుకుల కంకర రోడ్డు మీద గంటల తరబడి తోలితే లోపల ఆయిల్ వేడెక్కి నురగ వచ్చి మెత్తబడుతుంది, గ్యాస్‌ది కొంచెం ఎక్కువసేపు తట్టుకుంటుంది అంతే. లద్దాఖ్ స్పితి తిరిగేవాళ్ళూ, బండి నిండా సామాను వేసేవాళ్ళూ ఖరీదైనవి పెట్టుకుంటే అర్థముంది. మా తమ్ముడు తన బండికి మరీ గట్టి షాక్స్ వేయించాడు, ఖాళీ బండిలో పోతుంటే ప్రతి గులకరాయీ వెన్నులో తెలుస్తుంది.

కమాన్లు మార్పించి ఎత్తు పెంచిన బండికి మాత్రం స్టాక్ సైజు పనికిరాదు. జాకీ మీద లేపి ఆక్సిల్ పూర్తిగా కిందకి వేలాడినప్పుడు పై బిగింపు నుంచి కింద బిగింపుకి ఎంతుందో కొలవండి, షాక్ అంతకంటే ఎక్కువ సాగాలి, లేదంటే ఆక్సిల్ బరువంతా దాని మీదే పడి తెగుతుంది. అలాగే పూర్తిగా ముడుచుకున్న షాక్, బంప్ స్టాప్ (ఆక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) తగిలినప్పుడు ఉండే కొలత కంటే పొట్టిగా ఉండాలి. ఇది చూడకుండా "సెట్టయిపోద్ది సార్" అంటే నమ్మొద్దు.

ఫిట్టింగ్‌కి వెళ్ళే ముందు రోజు సాయంత్రమే పాత నట్ల మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి, లేకపోతే వాటిని కొయ్యడానికి గ్రైండర్ తీస్తారు. కింద బోల్టు చివరి బిగింపు చక్రాలు నేల మీద ఆనాకే వేయించండి, గాల్లో బిగిస్తే బుష్ మెలిపడి తొందరగా చిరుగుతుంది. పై రబ్బర్లు, వాషర్లు డబ్బాలో ఉన్నాయో లేదో కౌంటర్ దగ్గరే విప్పి చూసుకోండి, అవి లేవని తెలిస్తే మెకానిక్ పాతవే పెట్టి పంపించేస్తాడు.