డాన్స్ స్టూడియోలో నాటకం కట్టుకోవడం: ఎంవీపీ కాలనీ హాలు అద్దెకు తీసుకునేముందు

విశాఖలో నాటకం ఆడటానికి చోటుకి కొదవలేదు. సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం, పిఠాపురం కాలనీలో కళాభారతి ఉండనే ఉన్నాయి. నాటకం తయారుచేసుకోవడానికే చోటు దొరకదు. మాటల నాటకమైతే ఎవరి మేడ మీదో కూర్చుని చదువుకుని నెట్టుకొచ్చేయొచ్చు. స్క్రిప్టు అంటూ లేకుండా, పదిమంది ఒంటి కదలికల్లోంచి ఒక్కొక్క దృశ్యాన్నీ పుట్టించుకునే ఫిజికల్ థియేటర్‌కి అలా కుదరదు. దానికి మంచి నేల కావాలి, పైన ఎత్తు కావాలి, మూడు గంటలపాటు ఎవరూ వచ్చి తలుపు తట్టకూడదు. అందుకే ఇక్కడి బృందాలు చివరికి డాన్స్ స్టూడియోల్లో తేలతాయి.

ఇది ఎంవీపీ కాలనీలో, ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో గంటల లెక్కన అద్దెకిచ్చే అలాంటి ఒక స్టూడియో గురించి. పేరు రాయడం లేదు. ఊళ్లో ఇదే అచ్చులో పోసినవి ఇంకా ఉన్నాయి, కొలతలు పట్టుకెళ్లి ఏ స్టూడియోలోనైనా సరిచూసుకోవచ్చు.

హాలు 36 అడుగులు బై 24 అడుగులు. మధ్యలో పిల్లర్లు లేవు, అదే దీని మొదటి గుణం. గంటకి 500 రూపాయలు, పొద్దున 6 నుంచి 9 వరకు 300. కనీసం రెండు గంటలు తీసుకోవాలి. పదిమందికి సరిపోతుంది. పన్నెండుమంది అయితే నడకల దాకా ఫర్వాలేదు, పరుగులు మొదలయ్యాక భుజాలు తగులుతాయి. చాలామంది మరిచిపోయే లెక్క ఒకటుంది: ఈ పద్ధతిలో ఒకరు ఎప్పుడూ బయట కూర్చుని చూస్తుండాలి. ఆ చూసేవాళ్లకి కనీసం 8 అడుగుల దూరం లేకపోతే బృందం మొత్తం ఒక్కసారి కళ్లల్లో పడదు. పొడుగు గోడని ప్రేక్షకుల వైపు అనుకుంటే, ఆ 8 పోగా మీకు మిగిలేది 36 బై 16. ఆడబోయే వేదిక కొలతలు ముందే తెచ్చుకుని, ఆ చట్రం ఇందులో ఇముడుతుందో లేదో చూసుకోండి.

ఇక నేల. ఈ స్టూడియో ఫొటోల్లో చెక్క నేల కనిపిస్తుంది కానీ అది చెక్క కాదు. కాంక్రీటు మీద విట్రిఫైడ్ టైల్స్, వాటి మీద చెక్క బొమ్మ అచ్చేసిన 2 మిల్లీమీటర్ల వినైల్ షీటు. అసలైన డాన్స్ నేలకి చెక్క పలకల కింద బద్దెలు, మధ్యలో గాలి ఉంటాయి. దూకినప్పుడు దెబ్బని నేలే కొంత మింగుతుంది. ఇక్కడ మింగేది మీ మోకాళ్లే. వేలి కణుపులతో కొట్టి చూస్తే తెలిసిపోతుంది: బోలుగా మోగితే కింద ఖాళీ ఉన్నట్టు, గట్టిగా పొడిగా వినిపిస్తే కాంక్రీటు. ఇది రెండో రకం. అందుకని ఎగిరి దూకే పనిని రోజుకి ఒక పావుగంటకి కుదించుకోవాలి, అదీ ఒళ్లు వేడెక్కాక. రోజూ గంటసేపు దూకించారంటే వారం తిరగకుండా సగంమంది ముంగాలి ఎముక పట్టుకుని కూర్చుంటారు.

అడిగితే నురుగు మ్యాట్లు ఇస్తారు, ఒకదాన్నొకటి కొరుక్కునే పళ్లున్న చదరాలు, 20 మిల్లీమీటర్ల మందం. వీటిని హాలంతా పరిచేయాలనే బుద్ధి అందరికీ పుడుతుంది. పరచకండి. పక్కకి నెట్టుడు పడగానే పళ్లు విడిపోతాయి, ఆ సందులో కాలివేళ్లు ఇరుక్కుంటాయి. పైగా మెత్తటి నురుగు మీద గిర్రున తిరిగితే పాదం అక్కడే ఆగిపోతుంది, మోకాలు మాత్రం తిరుగుతుంది. దొర్లడానికీ, పైనుంచి దిగేచోటికీ ఒక మూల నాలుగో ఆరో వేసుకుని, మిగతా నేలని ఖాళీగా వదిలేయడం మంచిది.

మన ఊరి ఉక్కపోత సంగతి వేరే చెప్పాలి. వేసవిలో కిటికీలు తెరిస్తే సముద్రపు తేమకి వినైల్ దానంతటదే జిగటబారుతుంది, మూస్తే చెమట చుక్కలు పడి జారుతుంది. వట్టికాళ్లతోనే చేయాలి, సాక్సులు అసలు వద్దు. ప్రతి ముప్పావుగంటకీ ఒకసారి పొడిగుడ్డతో తుడవాలి. జారకుండా ఉంటుందని పౌడరు చల్లేవాళ్లున్నారు, అది ఇంకా జారుస్తుంది. ఏసీలు రెండూ బాగా పనిచేస్తాయి, కానీ వార్మప్ అయ్యేదాకా వేయకండి. 26 డిగ్రీల కంటే కిందికి తగ్గించకండి. మధ్యలో కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఆపేయండి, లేకపోతే వేడెక్కిన కండరాలు పది నిమిషాల్లో బిగుసుకుపోయి మళ్లీ మొదటికొస్తుంది.

స్టూడియోవాళ్లు గొప్పగా చూపించేవి రెండు: 36 అడుగుల అద్దం, పెద్ద సౌండ్ సిస్టమ్. మన పనికి అడ్డొచ్చేవీ ఆ రెండే.

అద్దం ఎందుకు చెరుపో మంద కదలిక అనే సాధనతో తెలుస్తుంది. నలుగురు వజ్రాకారంలో ఒకే వైపు తిరిగి నిలబడతారు. ముందున్నవాళ్లు కదిలినట్టే మిగతావాళ్లు కదులుతారు. ముందున్నవాళ్లు పక్కకి తిరగ్గానే ఆ వైపు కొసన ఉన్నవాళ్లు నాయకులవుతారు. అరకు గిరిజనుల ధింసా నృత్యంలో చేతులు పెనవేసుకున్న వరుస గుండా ఒక మలుపు ఈ చివరి నుంచి ఆ చివరికి పాకినట్టే ఇదీ, చేతులు వదిలేశారంతే. ఇందులో పక్కవాళ్ల కదలికని ఓరచూపుతో, ఊపిరి చప్పుడుతో పట్టుకోవాలి. 1970ల్లో మేరీ ఓవర్లీ మొదలుపెట్టిన వ్యూపాయింట్స్ అనే నట సాధన పద్ధతి, కదలికని కాలం, చోటు లాంటి అంశాలుగా విడదీస్తుంది. ఆ అంశాలని ఆన్ బోగార్ట్, టీనా లాండావు తొమ్మిదికి పెంచారు. వాటిలో పక్కవాళ్ల కదలికకి ఆలోచన అడ్డు రాకుండా ఒళ్లు బదులివ్వడం ఒకటి. ఎదురుగా అద్దం ఉంటే కళ్లు అటే పోతాయి. ప్రతివాళ్లూ తమ బొమ్మ చూసుకుని దిద్దుకుంటారు, బదులు అర సెకను వెనకబడుతుంది. చూసేవాళ్లకి అది మందలా కాక డ్రిల్లులా కనిపిస్తుంది. వెనక్కి తిరిగి చేస్తే సరిపోతుందనుకోవద్దు, ఒక మలుపు తిరిగేసరికి అద్దం మళ్లీ ఎదురొస్తుంది. తెర కడ్డీ సగం గోడకే ఉంది. మిగతా సగానికి నాలుగు దుప్పట్లు, డజను పెద్ద క్లిప్పులు వెంట తీసుకెళ్లండి.

సౌండ్ సిస్టమ్‌తో వచ్చే చెరుపు మరోలా ఉంటుంది. పాట పెట్టారంటే పదిమందీ పది నిమిషాల్లో, డాన్సువాళ్లు ఒకటి నుంచి ఎనిమిది దాకా పెట్టుకునే లెక్కలో పడిపోతారు. ఒకసారి ఒళ్లు లెక్కకి అలవాటుపడితే, ఎవరో మధ్యలో ఆగిపోవడం, ఆలస్యంగా కదలడం లాంటి అసలు సరుకు పుట్టదు. దృశ్యాల క్రమం ఖాయమయ్యేదాకా దాన్ని ప్లగ్గు పీకి ఉంచడమే మేలు.

ఈ హాల్లో ఒక దృశ్యం ఎలా కట్టొచ్చో, హాలు ఎక్కడ ఎదురుతిరుగుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. పెద్దవల లాగడం తీసుకోండి. పెద జలారిపేట వైపు తీరంలో నిలబడి చూస్తే కూర్పంతా అక్కడే ఉంది: వలని పడవ సముద్రంలో అర్ధచంద్రంగా విడుస్తుంది, రెండు తాళ్ల కొసలు ఒడ్డున రెండు జట్ల చేతిలో ఉంటాయి, వల దగ్గరపడేకొద్దీ రెండు జట్లూ ఒకదానివైపు ఒకటి జరుగుతాయి. ఒక్కొక్కరూ అక్కణ్ణుంచి మూడు పనులే తేవాలి: మడమ దిగేయడం, చెయ్యి మార్చడం, వెనక్కి వాలడం లాంటివి. ముఖాలు, భావాలు తేకూడదు. హాల్లో ఇద్దరిద్దరుగా తమ మూడింటినీ కలిపి ఆరు కదలికల వరుస కడతారు. ఆ వరుసని మార్చకుండా వేగం మారుస్తారు, దూరం మారుస్తారు, ఒకరు నేలమీదికి దిగి చేస్తారు.

ఇక్కడే వినైల్ మొండికేస్తుంది. ఇసుకలో మడమ దిగుతుంది కాబట్టి లాగేవాడి బరువంతా వెనక్కి పడుతుంది. నున్నటి నేల మీద మడమ దిగదు, అందుకని నడుం వంచి చేతులతో లాగినట్టు నటిస్తారు. అబద్ధమని వెంటనే తెలిసిపోతుంది. మొదట నిజం తాడు వాడండి: అంగుళం మందం నూలు తాడు, అటు నలుగురు ఇటు నలుగురు, ఇద్దరు బయట. నైలాన్ తాడు చేతులు కోస్తుంది. ఒక కొసని కిటికీ ఊచలకి కడదామనే సలహా తప్పకుండా ఎవరో ఒకరు ఇస్తారు, ఆ ఊచలు మనుషుల బరువుకి బిగించినవి కావు. పావుగంట తర్వాత తాడు తీసేసి, అదే బరువుని జోడీల మధ్య పెట్టాలి. వేళ్లు కాదు, మణికట్టు మణికట్టునే పట్టుకోవాలి. మోకాళ్లు వంగి, వెన్ను నిటారుగా, ఇద్దరూ సమంగా వెనక్కి వాలాలి. చెమట పట్టిన మణికట్లకి గుడ్డ పట్టీలు చుట్టుకుంటే పట్టు జారదు. గడియారాలు, గాజులు ముందే తీసి పెట్టేయాలి.

జోడీలు కూడా విడిపోయి ఉత్త గాలిని లాగే దశలో చెడేది ఎప్పుడూ ఒకటే. రెండు చేతుల మధ్య దూరం మారిపోతుంది, తాడు సాగినట్టవుతుంది. పొట్టివాళ్లూ పొడుగువాళ్లూ కలిసిన వరుసలో తాడు గీత వంకరపోతుంది కూడా. ఎత్తుల వారీగా నిలబెట్టి, ముందున్నవాళ్ల మోచేతిని గుర్తుగా పెట్టుకోమంటే కుదురుకుంటుంది. ఆ తర్వాత, 1956లో పారిస్‌లో నాటక బడి పెట్టిన జాక్ లెకోక్ నుంచి వచ్చిన ఒంటి బిగువు ఏడు మెట్లు వాడొచ్చు. బొత్తిగా సత్తువ లేని ఒళ్లు మొదటి మెట్టు, బిగుసుకుపోయిన ఒళ్లు ఏడోది. ఒక జట్టు మూడో మెట్టులో మామూలుగా లాగుతుంటే, రెండోది ఐదులోకి వెళ్లిందనుకోండి. వలలో ఏం పడిందో ఎవరూ చెప్పకుండానే కథ మొదలవుతుంది.

మనిషిని మనిషి ఎత్తే పనికి మాత్రం ఈ హాలు ప్రమాదమే. ఫ్యాను రెక్కలు నేల నుంచి ఎనిమిదిన్నర అడుగుల్లోనే ఉన్నాయి. ఐదున్నర అడుగుల మనిషి భుజం దాదాపు నాలుగున్నర దగ్గర ఉంటుంది, దానిమీద కూర్చున్నవాళ్లు చెయ్యి పైకెత్తితే తొమ్మిది దగ్గరికి చేరుతుంది. స్విచ్చి ఆపేస్తే చాలనుకోకండి, ఆగిన రెక్క అంచు కూడా కోస్తుంది. ఫ్యాన్ల మధ్య ఖాళీ ఎక్కడుందో చూసి నేలమీద టేపుతో గుర్తు పెట్టుకుని, ఎత్తే పని అక్కడే చేయాలి. పక్కన ఇద్దరు కాపు ఉండాలి. ముందు దించడం నేర్చుకుని తర్వాత ఎత్తడం మొదలుపెట్టాలి, ఎందుకంటే దెబ్బలు ఎక్కువ దిగేటప్పుడే తగులుతాయి. రిహార్సల్ చివరి అరగంటలో, అలసిపోయాక, ఎత్తే పని పెట్టుకోకండి.

టేపు అన్నాం కాబట్టి ఒక మాట. కాగితం మాస్కింగ్ టేపు చెమటకీ తుడుపుకీ ఒక్కరోజులో లేచిపోతుంది, ఎలక్ట్రికల్ టేపు వారం ఉంచితే జిగురు వదిలి అడ్వాన్సులో కోత పడుతుంది. నాలుగు మూలలూ, నడిమధ్యా మాత్రమే గుడ్డ టేపు వేసి, పోతూ పోతూ పీకేయడం మేలు.

ఫోను స్టాండుకి పెట్టి చూసేవాళ్ల వైపునుంచే తీయండి. ఒక్కో తడవ ఐదు నిమిషాలు దాటనివ్వకండి, అయిపోగానే దానికొక పేరు పెట్టి రాసుకోండి. మర్నాడు మళ్లీ చేసేటప్పుడు ఆకారాలు తిరిగొస్తాయి, పోయేది ఆగిన చోట్లలోని వ్యవధి. వీడియో పనికొచ్చేది దానికే.

పెద్ద ఇబ్బంది కింది ఇల్లు. తప్పెటగుళ్ల అడుగుల్లాంటివి నేలమీద వేశారంటే పొద్దున ఆరింటికి వాచ్‌మన్ పైకొస్తాడు. 300 రూపాయల స్లాటు చవకే, కానీ అది నడకలకీ, మంద కదలికకీ, బరువు పంచుకునే పనికీ మాత్రమే. సాయంత్రం 5 నుంచి 8 పిల్లల డాన్స్ బ్యాచీలు, తలుపు దగ్గర తల్లిదండ్రులు నిలబడి చూస్తుంటారు, చెప్పులు లోపలిదాకా వస్తాయి. అప్పుడు కొత్త సరుకు పుట్టించే పని సాగదు.

మొత్తమ్మీద ఐదుకి మూడు. సరుకు పోగేసుకునే మొదటి దశకీ, క్రమం కుదిరాక పదే పదే ఆడుకునే దశకీ తీసుకోండి. ఎత్తులు, దూకుళ్లు ఎక్కువున్న నాటకమైతే కింది అంతస్తులో, పైకప్పు ఎత్తున్న స్కూలు షెడ్డో మరోటో చూసుకోండి. బుక్ చేసేటప్పుడు ఆదివారం మధ్యాహ్నం 2 నుంచి 5 అడగండి: బ్యాచీలుండవు, కింది ఇంటివాళ్లు అడుగుల చప్పుడుకి అంతగా అభ్యంతరపెట్టరు. తెర కడ్డీ, మ్యాట్ల లెక్క, అడ్వాన్సు తిరిగిచ్చే షరతులు మెసేజ్‌లో రాయించుకోండి.