ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ డే: నెల్లూరు నుంచి వెళ్లి వచ్చేదాకా టైర్ల గాలి లెక్క

ట్రాక్ డే అంటే సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడిపే రోజు. అందుకోసం స్విఫ్ట్, పోలో లాంటి చిన్న కారుతో చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కి (పాత పేరు మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్) వెళ్లేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది రాత్రి ఎక్కడ దిగాలన్నది. గాలి కొలవాల్సింది టైరు చల్లగా ఉన్నప్పుడే. అంటే బండి కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి, ఎండ తగలకూడదు. పూనమల్లి వైపు దిగితే తిండికి, షాపులకు లోటుండదు గానీ, పొద్దున ట్రాక్ చేరేలోపే టైర్లు వేడెక్కి గేజ్ రెండు మూడు పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడిని కొలిచే యూనిట్) ఎక్కువ చూపిస్తుంది. శ్రీపెరుంబుదూరులో గదులు సాదాసీదాగా ఉన్నా ట్రాక్ దగ్గర, అందుకే మా ఓటు దానికే. బుక్ చేసేటప్పుడు నీడపట్టున పార్కింగ్ ఉందా అని అడగండి. ఒక పక్కే ఎండ పడితే రెండు పక్కల అంకెలకీ పొంతన ఉండదు.

హైవే మీద డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కర్‌లో ఉన్న అంకే సరైనది. 14, 15 అంగుళాల రిమ్ములున్న చాలా హ్యాచ్‌బ్యాక్‌లకు అది 30–33 పీఎస్ఐ మధ్య ఉంటుంది. నాయుడుపేట, తడ దాటాక చెన్నై ఊళ్లోకి దూరకుండా మీంజూరు–వండలూరు ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుని, నజరత్‌పేట దగ్గర బెంగళూరు హైవే ఎక్కడం సుఖం. దారిలో బంకులో కొలిస్తే 36 చూపించిందని గాలి తీసేయకండి, అది వేడికి పెరిగింది. బంకుల్లో గాలి ఉచితమే గానీ ఒక మెషీన్‌కీ ఇంకో మెషీన్‌కీ తేడా ఉంటుంది. సొంత గేజ్, చిన్న 12 వోల్టుల కంప్రెసర్ డిక్కీలో ఉండాల్సిందే.

ట్రాక్ మీద చూడాల్సింది వేడి మీద అంకె. లోపలి గాలి ప్రతి 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. 30 నుంచి 70 డిగ్రీలకు పోతే ఆరు. 185/65 ఆర్15 టైరుకి (వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్కగోడ అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు) పక్కగోడ ఎత్తు 120 మిల్లీమీటర్లు, 205/45 ఆర్17కి 92 మాత్రమే. ఎత్తైన గోడ మలుపులో ఒరిగిపోయి టైరు భుజం (నేలని తాకే భాగం, పక్కగోడ కలిసే అంచు) మీద నడుస్తుంది. అందుకే చిన్న రిమ్ముకి గాలి మరీ తగ్గించడం తప్పు. మామూలు రోడ్డు టైర్లతో, ముందు చక్రాలు లాగే కారులో పొద్దున నాలుగూ 32తో మొదలుపెట్టి, వేడి మీద ముందు 37–38, వెనక 36 దగ్గర నిలిచేలా చూసుకోండి. కారు ముక్కు తిరగనంటే వెనక టైర్లలో రెండు పీఎస్ఐ పెంచండి. తోక జారుతుంటే ఆ రెండూ తీసేయండి.

భుజం అంచున ఉండే చిన్న త్రికోణం గుర్తు దగ్గర చాక్‌పీసుతో అడ్డంగా గీత గీయండి. మూడు ల్యాపుల తర్వాత పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటు) వచ్చిన వెంటనే చూడండి. గీత త్రికోణం మొన దాకా చెరిగితే సరిపోయింది, మొన దాటి పక్కగోడ మీదికి చెరిగితే గాలి చాలలేదు, మొన దాకా రాకపోతే ఎక్కువైంది. 3.7 కిలోమీటర్ల ఈ ట్రాక్ గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది కాబట్టి ఎడమ ముందు టైరు మీదే భారమంతా. అది 40 చూపిస్తుంటే, కుడిది 38 దగ్గరే ఉంటుంది. ఎక్కువైనది ఆ ఎడమ దానిలోనే తీయాలి.

సాయంత్రం జనం మరిచిపోయేది ఇదే. వేడి మీద గాలి తీసిన టైరు చల్లారి తెల్లారేసరికి 30కి, ఇంకా కిందికి దిగుతుంది. డిక్కీ నిండా సామానుతో, నలుగురితో అలాగే హైవే ఎక్కితే పక్కగోడ అతిగా వంగి లోపల వేడెక్కుతుంది. కాబట్టి రాత్రి అక్కడే ఉండి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టిక్కర్ అంకెకి నింపి బయల్దేరడం మేలు. అప్పుడే పక్కగోడలు చేత్తో తడిమి చూడండి. ఎక్కడైనా ఉబ్బు తగిలితే స్టెప్నీ వేయండి, అది చిన్న సైజుదైతే దాని మీద రాసిన వేగం, మామూలుగా 80, దాటకండి.