ఎర్ర అట్ట చిట్టా పుస్తకం: మూడేళ్ల వాడకం తర్వాత

మాది ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు దగ్గరున్న పర్లాకిమిడి, కిరాణా కొట్టు. కొట్లో అరువులు రాసుకునే ఎర్ర గుడ్డ అట్ట పొడుగు పుస్తకం ఒకటి తీసి, 2021 జూన్‌లో నా భార్య ఆరోగ్యం గురించి రోజూ రాయడం మొదలుపెట్టాను. తనకున్న జబ్బు పేరు 2024 ఫిబ్రవరిలో తెలిసింది. ఈలోగా రెండు పుస్తకాలు నిండిపోయాయి. ఇంట్లో మనిషికి ఏమైందో తేలక ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నవాళ్లకి ఇలాంటి పుస్తకం పనికొస్తుందా అంటే, తప్పకుండా పనికొస్తుంది. కాకపోతే నేను రాసిన తీరులో ఒక పెద్ద తప్పుంది. ముఖ్యంగా అది చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

తనకి విపరీతమైన నీరసం. పొద్దున్న లేచి గిన్నెలు తోమి మళ్లీ పడుకునేది. మే నెల ఎండల్లో కూడా దుప్పటి కావాలనేది. మొహం పాలిపోయింది, గొంతు బొంగురుపోయింది. బీపీ ఎప్పుడు చూసినా 90కి 60. చిన్న జ్వరం వచ్చినా, రెండు విరేచనాలైనా వాంతులు పట్టుకుని, మాట తడబడి, మనిషి స్పృహలో లేకుండా పోయేది. మాది మలేరియా ఉండే జిల్లా కాబట్టి ప్రతిసారీ ముందు ఆ పరీక్షే. తర్వాత టైఫాయిడ్, సికిల్ సెల్, టీబీ. ఏదీ లేదు. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు ఇచ్చారు. ఒకచోట మనసు బాగోలేదని నిద్రమాత్రలు రాశారు. అవి వేసుకున్న పది రోజులూ తను ఇంకా మగతగా పడి ఉండటం చూసి నేనే ఆపించేశాను. గాలి సోకిందని తాయెత్తు కట్టినవాళ్లూ ఉన్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లకి తోచిన సాయం అది.

పుస్తకం సంగతికొస్తాను. మొదట్లో రిపోర్టులన్నీ ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకున్నాను. డాక్టరు అడిగినప్పుడు పెళ్లి ఫొటోల మధ్య వెతుక్కోవడంతోనే మాకిచ్చిన ఐదు నిమిషాలూ అయిపోయేవి. పుస్తకమైతే తెరిచి ముందు పెట్టడమే. పొడుగ్గా ఉంటుంది కాబట్టి నెల రోజుల లెక్క ఒక్క పేజీలో పడుతుంది. తేదీ, బీపీ, జ్వరం, షుగర్, తిండి, వేసుకున్న మందు అని గీతలు గీశాను. కుట్టు గట్టిది, బస్సుల్లో రైళ్లలో ఎంత నలిగినా కాగితం ఊడలేదు. వానకి ఒకసారి తడిసి జెల్ పెన్ రాత అలుక్కుపోయింది. అప్పట్నుంచి బాల్ పెన్నే.

భాషతో చాలా ఇబ్బంది పడ్డాం. నేను తెలుగులో రాసేవాణ్ణి. బరంపురంలో చూపించినప్పుడు అక్కడి డాక్టరుకి ఒడియా, ఇంగ్లీషు తప్ప రావు. నాలుగు పేజీలు తిప్పి చేతికిచ్చేశారు. ఇంటికొచ్చాక పద్ధతి మార్చాను. ఎడమ పేజీలో అంకెలు మాత్రమే, పైన ఇంగ్లీషులో బీపీ, షుగర్ అని. కుడి పేజీలో తెలుగులో మిగతా కబుర్లు. సరిహద్దు ఊళ్లలో ఉండేవాళ్లు మొదటి రోజు నుంచీ ఇలాగే చేయండి. ఇంకో మాట కూడా చెప్పాలి. మాది ఒడిశా కార్డు కాబట్టి విశాఖలో ఆరోగ్యశ్రీ వర్తించలేదు. చేయించిన పరీక్ష మళ్లీ చేయించకుండా పుస్తకంలో అంటించిన రిపోర్టులు మాకు చాలా డబ్బు మిగిల్చాయి.

రెండో పుస్తకం సగంలో ఉండగా, ఒక రాత్రి కొట్టు కట్టేసి పాత పేజీలు తిరగేస్తుంటే ఒక విషయం కంటబడింది. ఐదుసార్లు ఆసుపత్రిలో చేర్చాం. ఐదుసార్లూ సోడియం, అంటే రక్తంలో ఉప్పు, పడిపోయింది. 135 పైన ఉండాల్సింది ఒకసారి 118. సెలైన్ ఎక్కించాక రెండు రోజుల్లో లేచి కూర్చునేది, పంపించేసేవారు. ఉప్పు ఎందుకు పడిపోతోందని ఎవరూ అడగలేదు. థైరాయిడ్ కూడా మూడుసార్లు చేశారు, మూడుసార్లూ టీఎస్‌హెచ్ అనే ఒక్క పరీక్షే. నార్మల్ వచ్చిందని ఆ సంగతి వదిలేశారు.

ఆ ఐదు తేదీలకీ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి, గుణుపురం ప్యాసింజర్‌లో విశాఖ వెళ్లాం. హార్మోన్ల డాక్టరమ్మ పుస్తకం పావుగంట చదివారు. సున్నాలు చుట్టిన చోట్ల ఆగారు. తర్వాత మొదటి పేజీకి తిప్పి, "ఇది 2021 నుంచి ఉంది. మీ బాబు వయసెంత?" అన్నారు. ఎనిమిది నిండాయన్నాను. "ఆ కాన్పు ఎలా జరిగింది?"

నేను జవాబు చెప్పేలోపే వెనకాల కూర్చున్న మా అత్తగారు అందుకున్నారు. "చచ్చి బతికింది తల్లీ. ఒకటే రక్తం పోయింది, నాలుగు సీసాలు ఎక్కించేరు. పిల్లడికి చుక్క పాలు పడలేదు, పౌడరు పాలే పట్టేం."

"తర్వాత నెలసరి వచ్చిందా అమ్మా?" అని నా భార్యని అడిగారు. లేదంది. ఎనిమిదేళ్లుగా లేదట. చంకల్లో వెంట్రుకలు కూడా రాలిపోయాయట. నా మొహం చూసి, "అదో జబ్బని నాకేం తెలుసండీ, ఒళ్లు అలిసిపోయి ఆగిపోయిందనుకున్నాను" అంది. రోజుకి రెండుసార్లు బీపీ రాసినవాణ్ణి, ఆ ఒక్క మాట ఏనాడూ అడగలేదు. ఆడవాళ్ల విషయమని అనుకున్నాను. ఇప్పటికీ ఆ గది గుర్తొస్తే గుండె బరువెక్కుతుంది.

రక్తపరీక్షలు రాశారు. పొద్దున్న ఎనిమిదింటికి తీసిన రక్తంలో కార్టిసాల్ అనే హార్మోన్ 1.6 వచ్చింది, చాలా తక్కువ. ఫ్రీ టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ బాగా తక్కువ, టీఎస్‌హెచ్ మాత్రం నార్మల్. ఎమ్మారైలో మెదడు కింద పిట్యూటరీ అనే గ్రంథి ఉండాల్సిన చోటు దాదాపు ఖాళీగా కనిపించింది. షీహాన్ సిండ్రోమ్ అన్నారు. 1937లో షీహాన్ అనే బ్రిటిష్ పాథాలజిస్టు దీని గురించి రాశారట. బఠాణీ గింజంత ఆ గ్రంథి కడుపుతో ఉన్నప్పుడు పెరుగుతుంది, కాన్పులో రక్తం విపరీతంగా పోతే దానికి రక్తం అందక చచ్చుబడిపోతుంది. పాలు రావాలని, నెలసరి రావాలని, థైరాయిడ్ పనిచేయాలని, ఒంటికి కార్టిసాల్ కావాలని కబురు పంపేది అదే. థైరాయిడ్‌కి అది పంపే కబురే టీఎస్‌హెచ్. గ్రంథే చచ్చుబడితే, థైరాయిడ్ తగ్గినా టీఎస్‌హెచ్ పెరగదు, అందుకే ఆ ఒక్క పరీక్షతో తేలలేదు. జ్వరానికీ విరేచనాలకీ పడిపోవడం కార్టిసాల్ లేకనే. సున్నాలు చుట్టిన ఐదు తేదీలకీ అర్థం అదే.

ముందు కార్టిసాల్ బదులు ఇచ్చే హైడ్రోకార్టిసోన్ మొదలుపెట్టి, కొన్ని రోజులాగి థైరాయిడ్ మాత్ర ఇచ్చారు. ఆ వరస తప్పకూడదట. కార్టిసాల్ లేని ఒంటికి థైరాయిడ్ మాత్ర ముందు పడితే ప్రాణం మీదికి వస్తుందని గట్టిగా చెప్పారు. హైడ్రోకార్టిసోన్ మొదలైన నాలుగో రోజు పొద్దున్న నేను లేచేసరికి తను వాకిలి ఊడ్చి ముగ్గు పెడుతోంది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. జ్వరం వస్తే డాక్టరు చెప్పినట్టు మోతాదు పెంచాలి, వాంతులై మాత్ర నిలవకపోతే వెంటనే ఆసుపత్రిలో ఇంజెక్షన్. ఆ వివరాలున్న కార్డు తన పర్సులో, ఇంకోటి కొట్లో గల్లాపెట్టెలో ఉంటాయి.

మీరు పుస్తకం పెడితే జబ్బు మొదలైందనుకున్న రోజు నుంచి పెట్టకండి. నేను చేసిన తప్పు అదే. పెళ్లి నాటి నుంచి, ఇంకా వెనక నుంచి, కాన్పులు, ఆపరేషన్లు, ఎక్కించిన రక్తం, ఆగిపోయిన నెలసరి, జబ్బని ఎవరూ అనుకోనివి కూడా మొదటి రెండు పేజీల్లో రాయండి. మనిషిని అడగండి, వాళ్లమ్మని కూడా అడగండి.

మూడో పుస్తకం తనే రాస్తోంది. ఒడియా మీడియంలో చదువుకున్న మనిషి, ఒడియా అక్షరాల్లోనే రాస్తుంది. మొదటి పేజీలో 2015 ఆగస్టు కాన్పు, నాలుగు సీసాల రక్తం, పాలు పడకపోవడం రాసుకుంది. మందుల లెక్క రెండో పేజీ నుంచి మొదలవుతుంది.