సీసీ రోడ్డా, తారు రోడ్డా? ముప్పై ఏళ్ల ఖర్చులో ఏది మేలు

వీధికి రోడ్డు మంజూరైన ప్రతిచోటా ఇదే ప్రశ్న. సర్పంచులు అడుగుతారు, కాలనీ సంఘాల వాళ్లు అడుగుతారు, విదేశాల్లో ఉండి సొంతూరికి ఏదైనా చేయాలనుకునే వాళ్లూ అడుగుతారు. వాళ్ల చేతిలో అప్పటికే రెండు ఎస్టిమేట్లు ఉంటాయి, సిమెంటు కాంక్రీటు (సీసీ) రోడ్డుకు ఒకటి, తారు రోడ్డుకు ఒకటి. చివరి పేజీలో కింద ఉన్న మొత్తాలను పక్కపక్కన పెట్టి, తారుది తక్కువగా ఉంది కదా, అదే వేయించుకుందామా అంటారు. ఆ మొత్తం రోడ్డు వేసిన నాటి ఖర్చు మాత్రమే. ఆ తర్వాత ముప్పై ఏళ్లు దాన్ని నిలబెట్టడానికి ఎంతవుతుందో, ఆ డబ్బు ఎవరి జేబులోంచి పోతుందో ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

ఆ లెక్క ఎలా వేస్తారో ముందు చూద్దాం. అంకెలు ఊహించినవే, కానీ పోలిక అర్థం కావడానికి చాలు. తారు రోడ్డుకు మొదటి ఖర్చు 100 రూపాయలు, సీసీ రోడ్డుకు 150 అనుకుందాం. తారుకు ఐదేళ్లకోసారి పైన పలచటి పొర వేయాలి, దానికి 25. పదిహేనో ఏట మాత్రం దాని బదులు కాస్త మందమైన పొర వేసి బలపరచాలి, దానికి 50. సీసీకి పదేళ్లకోసారి స్లాబుల మధ్య జాయింట్లలో నీరు దిగకుండా సీలెంటు నింపడానికి 5. అన్నీ ఈనాటి ధరల్లోనే. ఏటేటా ఉండే చిల్లర మరమ్మతులను రెండు వైపులా వదిలేద్దాం. ముప్పై ఏళ్లకు (చివరి ఏటిది కలపకుండా) ఊరికే కూడితే తారుకు 250, సీసీకి 160. ఇంత తేడా ఉంటే ఇక ప్రశ్నే లేదనిపిస్తుంది.

అయితే పదిహేనేళ్ల తర్వాత పెట్టే యాభై రూపాయలు ఈరోజు యాభై రూపాయలతో సమానం కాదు. ఆ డబ్బు ఇప్పుడు చేతిలో ఉంటే ఈలోగా మరో పనికి వస్తుంది. అందుకే రాబోయే ఖర్చును డిస్కౌంట్ రేటుతో తగ్గించి ఈనాటి విలువలోకి తెస్తారు. మన దేశంలో రోడ్డు ప్రాజెక్టుల ఆర్థిక విశ్లేషణకు ఎంతో కాలంగా వాడుతున్న రేటు 12 శాతం. ఆ రేటుతో చూస్తే తారు మొత్తం 135, సీసీ 152. తారు గెలిచింది. రేటును 6 శాతానికి దించండి: తారు 167, సీసీ 154. ఇప్పుడు సీసీ గెలిచింది. 8 శాతం దగ్గర రెండూ 153కి వచ్చి ఆగుతాయి. రోడ్డు మారలేదు, రాయి మారలేదు, మారింది రేటు ఒక్కటే. బ్రిటన్ ఖజానా శాఖ ప్రభుత్వ ప్రాజెక్టులకు మొదటి ముప్పై ఏళ్లకు 3.5 శాతం వాడమంటుంది. ఆసియా అభివృద్ధి బ్యాంకు 2017లో తాను కోరే కనీస రాబడి రేటును 9 శాతానికి, కొన్ని సామాజిక రంగాలకు 6 శాతానికి తగ్గించింది. కాబట్టి ఎవరైనా 'ఇంజినీరింగ్ లెక్క ప్రకారం తారే చవక' అంటే మొదట అడగాల్సింది ఏ రేటు పెట్టారని.

చాలామంది ఈ చర్చను ఇక్కడితో ముగిస్తారు. నా దృష్టిలో అసలు తేల్చేది రేటు కాదు. ఐదో ఏట వేయాల్సిన ఆ పలచటి పొర నిజంగా పడుతుందా లేదా అన్నదే.

పైన వేసిన లెక్కలో తారు రోడ్డుకు ఐదేళ్లకోసారి ఠంచనుగా డబ్బు వస్తుందని అనుకున్నాం. రాకపోతే ఏమవుతుంది? తారుకు ఎండ తగిలి పెళుసవుతుంది, సన్నటి పగుళ్లు వస్తాయి. వానాకాలంలో ఆ పగుళ్ల గుండా నీరు దిగి, రాయిని పట్టుకున్న తారు పొరను ఊడదీస్తుంది. ఒక చిన్న గుంత పడితే చాలు, బండి చక్రం దిగిన ప్రతిసారీ అందులోని నీరు ఒత్తిడితో అంచులను తోడేస్తుంది. అడుగున మెటల్ (కంకర) బయటపడ్డాక ఇక పైపొర వేసినా నిలవదు, రోడ్డును దాదాపు మళ్లీ వేయాల్సిందే. పదో ఏట, ఇరవయ్యో ఏట అలా 80 రూపాయలు పెట్టి తిరగవేశారనుకుందాం. 12 శాతం రేటుతో ఇప్పుడు రోడ్డు వేసిన ప్రభుత్వ శాఖ ఖర్చు 134. పద్ధతిగా చూసుకున్న రోడ్డుకు 135, గాలికొదిలేసిన రోడ్డుకు 134!

ఈ అంకె ఎప్పుడు చూసినా నాకు కోపం వస్తుంది. ముప్పై ఏళ్లలో సుమారు పన్నెండేళ్లు గుంతల మీద నడిచిన రోడ్డు, కాగితం మీద బాగా చూసుకున్న రోడ్డు కంటే ఒక రూపాయి చవక. ఆ పన్నెండేళ్ల ఖర్చు మాయమైపోలేదు. ఆటో నడిపేవాడి షాక్ అబ్జార్బర్లలోకి, పాల వ్యాను టైర్లలోకి, లారీ డీజిల్‌లోకి, నెలలు నిండిన గర్భిణి ప్రయాణంలోకి పోయింది. శాఖ పద్దులో లేదు కాబట్టి లెక్కలోకి రాలేదంతే. ప్రపంచ బ్యాంకు రోడ్ల కోసం అభివృద్ధి చేసిన హెచ్‌డీఎమ్-4 వంటి నమూనాలు వాహనదారుల ఖర్చును కలిపి చూస్తాయి. పెద్ద రహదారుల నివేదికల్లో ఆ అధ్యాయం ఉంటుంది. వీధి రోడ్డు, ఊళ్ల మధ్య లింకు రోడ్డు ఎస్టిమేట్లలో ఉండదు. మొత్తం జీవితకాల ఖర్చు అన్నప్పుడు వాడేవాళ్ల ఖర్చును వదిలేస్తే అది సగం లెక్కే.

మరి నిర్వహణ డబ్బు ఎందుకు రాదు? రోడ్డు వేయడానికి పథకాలున్నాయి. ఉపాధి హామీలో కూలి, సామగ్రి నిష్పత్తి 60:40గా ఉండడంతో ఆ సామగ్రి వాటాతో ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో సీసీ రోడ్లు పెద్ద ఎత్తున పడ్డాయి. కొత్త రోడ్డుకు శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. ఐదో ఏట పడే పలచటి పొరకు శిలాఫలకం ఎవరూ వేయరు. దానికి డబ్బు పంచాయతీ సాధారణ నిధుల్లోంచో, శాఖ నిర్వహణ పద్దులోంచో రావాలి. ఆ పద్దులో ఎంత మిగులుతుందో ఏ సర్పంచును అడిగినా చెబుతారు. దీనికి విరుగుడు కనిపెట్టినవి లేకపోలేదు. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో రోడ్డు వేసిన కాంట్రాక్టరే ఐదేళ్లు నిర్వహించాలి, ఆ షరతు మొదటి ఒప్పందంలోనే ఉంటుంది. జాతీయ రహదారుల హైబ్రిడ్ యాన్యుటీ ఒప్పందాల్లో (ప్రభుత్వం కొంత డబ్బు నిర్మాణ సమయంలో, మిగతాది తర్వాత వాయిదాల్లో ఇచ్చే పద్ధతి) నిర్వహణ బాధ్యత సాధారణంగా పదిహేనేళ్లు. ఇలాంటి చోట తారు వేయడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. పునరుద్ధరణ డబ్బు కాగితం మీద కట్టుబడి ఉంటే తారు మంచి రోడ్డు: త్వరగా పడుతుంది, మరుసటి రోజే బండ్లు తిరుగుతాయి, చప్పుడు తక్కువ, పాడైన చోట అతుకు వేయడం సులువు.

ఆ కట్టుబాటు లేని చోట, అంటే మన ఊరి లోపలి వీధుల్లో దాదాపు అంతటా, నేను సీసీ వైపే మొగ్గుతాను. సీసీ రోడ్డుకు ఉన్న పెద్ద గుణం నిర్లక్ష్యాన్ని ఓర్చుకోవడం. జాయింట్లలో సీలెంటు పదేళ్లకు బదులు పదిహేనేళ్లకు నింపినా రోడ్డు ఒక్కసారిగా కూలిపోదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రం బెల్‌ఫౌంటెన్ పట్టణంలో 1891లో మొదలుపెట్టి వేసిన సిమెంటు వీధిలో కొంత భాగం ఇప్పటికీ ఉంది. మన పల్లెల్లో ఇంకో కారణం కూడా ఉంది: డ్రైనేజీ కాలువ లేని వీధిలో ఇళ్ల వాడకం నీళ్లు రోడ్డు మీదికే వస్తాయి. రోజూ తడిసే తారు రోడ్డు ఎన్నాళ్లు ఉంటుంది? దమ్ము చక్రాలు (బురద పొలంలో వాడే ఇనుప చక్రాలు) విప్పకుండా పొలం నుంచి ట్రాక్టరు ఊళ్లోకి వస్తే తారు మీద ఆ ఇనుప గాట్లు ఎలా పడతాయో వరి ప్రాంతాల వాళ్లందరికీ తెలుసు.

సీసీ మేలన్నది మాత్రం అది సరిగా వేసినప్పుడే. కాంక్రీటు పోసిన మరుసటి రోజుకల్లా అడ్డంగా జాయింట్లు కోయాలి. స్లాబు మందంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా రంపం దిగాలి. కోయకపోతే కాంక్రీటు తనకు తోచిన చోట పగులుతుంది, ఆ వంకర పగులును సీలు చేయడం ఎవరివల్లా కాదు. మట్టి గట్లు కట్టి నీళ్లు నిలపడమో, తడి గోనె సంచులు కప్పడమో కనీసం రెండు వారాలు సాగాలి. ఎండాకాలంలో మూడో రోజుకే సంచులు ఎండిపోయి కనిపిస్తే ఆ రోడ్డు ఆయుష్షు అక్కడే తగ్గిపోయినట్టు. నల్లరేగడి నేల అయితే కింద గ్రావెల్ పొర తప్పనిసరి. వానకు ఉబ్బి ఎండకు కుంగే నేల మీద స్లాబు ఆనుకోవడానికి చోటు దొరకదు.

సీసీకి ఉన్న రెండు పెద్ద ఖర్చులు కూడా ఎస్టిమేట్లో కనిపించవు. మొదటిది తవ్వకం. తెలంగాణలో మిషన్ భగీరథకు, ఆ తర్వాత దేశమంతటా జల్ జీవన్ మిషన్‌కు పైపులు వేసినప్పుడు సీసీ వీధులను కోయాల్సి వచ్చింది. కోసిన చోట కందకాన్ని పొరలు పొరలుగా దిమ్మిస కొట్టకుండా పైన కాంక్రీటు పోస్తే ఏడాదిలో కుంగుతుంది. అందుకే నీటి పైపు, డ్రైనేజీ, ఇంటింటి కనెక్షను, కేబుళ్లకు అడ్డంగా వేసే ఖాళీ గొట్టాలు ముందు పడి తీరాలి. అవి ఇంకా రాని వీధికైతే నేను సీసీ వద్దంటాను, రెండేళ్లు ఆగమంటాను.

రెండోది మట్టం. పాత సీసీ మీదే కొత్త సీసీ పోస్తూ పోతే వీధి ఇళ్ల గుమ్మాల కంటే పైకి లేస్తుంది. వాన పడితే నీళ్లు ఇంట్లోకి వస్తాయి. అప్పుడు ఆ ఇంటివాళ్లు గడప ఎత్తు పెంచుకోవాలి, అరుగు పగలగొట్టి కొత్త మెట్లు కట్టుకోవాలి, స్తోమత లేకపోతే ఏటా నీళ్లు తోడుకోవాలి. పాతది పగలగొట్టి తీయడానికయ్యే ఖర్చును ఆదా చేసి దాన్ని వీధిలోని నలభై ఇళ్ల మీద వేయడమే ఇది. సీసీకి ఓటు వేసే నేను ఈ ఒక్క విషయంలో రాజీ పడను: పాత స్లాబు తీసివేత ఎస్టిమేట్లో లేకపోతే ఆ సీసీ ఖర్చు తక్కువేమీ కాదు.

ఇక మిగిలినవి. పేవర్ బ్లాకులు సన్న సందులకు, నడకదారులకు బాగుంటాయి, తీసి మళ్లీ పెట్టుకోవచ్చు. మామూలు మందం బ్లాకులు బరువు బండ్లు తిరిగే వీధికి పనికిరావు. పాత తారు మీద కాంక్రీటు పొర వేసే వైట్ టాపింగ్ బెంగళూరు లాంటి నగరాలకు, మట్టం పెంచినా ఇబ్బంది లేని చోట్లకు. మెటల్ రోడ్డు పొలాల దారికి చాలు.

ఊళ్ల మధ్య రోడ్డుకు, కనీసం ఐదేళ్ల నిర్వహణ ఒప్పందం ఉంటే, తారు. ఊరి లోపల, పైపులు పడ్డ తర్వాత, పాత మట్టం నిలుపుకుంటూ, సీసీ. మీ వీధి ఎస్టిమేటు వచ్చినప్పుడు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారిని మూడు విషయాలు అదనంగా రాసివ్వమని అడగండి: ఐదో ఏట ఖర్చు ఎంత, పదో ఏట ఎంత, అది ఏ పద్దు నుంచి వస్తుంది. మూడోదానికి ఆయన దగ్గర జవాబు లేకపోతే తారు ఎస్టిమేటు పక్కన పెట్టేయవచ్చు.